పన్ను న్యాయంగా ఉంటే పడకేసిన ఆర్థిక వ్యవస్థ లేస్తుందా?

అమ్మకాలు పడిపోయి, కొత్త ఉద్యోగాలు ఆగిపోయి, ఉన్నవి ఊడుతున్న రోజుల్లో ఏ దేశంలోనైనా ఒక వాదన పైకి వస్తుంది. పన్నుల భారాన్ని న్యాయంగా సర్దితే చాలు, ఆర్థిక వ్యవస్థ దానంతటదే తేరుకుంటుందని. ఒక్క దెబ్బకు రెండు పిట్టలన్నమాట. చిక్కల్లా ఈ మాట అనేవాళ్లందరూ ఒకే సంగతి చెప్పకపోవడంలోనే ఉంది. సంపన్నుల మీద పెంచి కిందివాళ్లకు తగ్గించడమే న్యాయమని ఒకరంటారు. కష్టపడి సంపాదించినవాడి దగ్గర సగం లాక్కోకపోవడమే న్యాయమని ఇంకొకరంటారు. ఇద్దరూ ‘ఊతం’ అన్న మాటే వాడతారు. వాళ్లు అడిగే చట్టాలు మాత్రం ఎడమొహం పెడమొహం.

అసలు ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఎవరు ఎంత కట్టాలన్నది ఒకటి. అది విలువలకు సంబంధించింది. ఏ పన్ను మారిస్తే డబ్బు ఎటు కదులుతుందన్నది రెండోది. అది లెక్కకు, అనుభవానికి సంబంధించింది. మొదటిదానికి జవాబు దొరికితే రెండోదానికీ దొరికినట్టేనని అనుకోవడం దగ్గరే గందరగోళం మొదలవుతుంది. కొన్నిచోట్ల ఈ రెండూ నిజంగానే కలుస్తాయి. ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చూద్దాం.

## అందరికీ ఒకటే మొత్తం: అది న్యాయమా?

బ్రిటన్‌లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం స్థానిక సంస్థల పన్ను పద్ధతిని మార్చింది. 1989లో స్కాట్లాండ్‌లో, 1990లో ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తది అమలైంది. దాన్ని జనం పోల్ ట్యాక్స్ అన్నారు. అంతకుముందు ఇంటి విలువను బట్టి కట్టేవారు. ఇప్పుడు ఒక ప్రాంతంలో ఉండే పెద్దవాళ్లందరూ తలకింతని ఇంచుమించు ఒకే మొత్తం కట్టాలి. పేదలకు కొంత తగ్గింపు ఉన్నా, మాళిగలో ఉండేవాడికీ రెండు గదుల్లో సర్దుకునేవాడికీ బిల్లు ఒకటే. దీని వెనకా ఒక న్యాయసూత్రం ఉంది. చెత్త ఎత్తడం, వీధి దీపాలు అందరికీ ఒకేలా అందుతున్నాయి కదా, ధర కూడా ఒకేలా ఉండాలన్నది ఆ వాదన. జనం ఒప్పుకోలేదు. 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అల్లర్లు జరిగాయి. ఆ ఏడాది నవంబరులో థాచర్ పదవి వదిలారు. 1993లో ఆ పన్ను పోయి, మళ్లీ ఇంటి విలువతో ముడిపడిన పన్ను వచ్చింది.

పొందిన ప్రయోజనాన్ని బట్టి కట్టాలన్నది న్యాయం గురించిన ఒక దృష్టి. మోయగలిగిన శక్తిని బట్టి కట్టాలన్నది మరొకటి. మూడోది కూడా ఉంది, దాన్ని తరచూ మరచిపోతాం. ఒకే స్థితిలో ఉన్న ఇద్దరు ఒకే పన్ను కట్టాలి. ఒకడు జీతంగా తీసుకున్నాడనీ, ఇంకొకడు అంతే మొత్తాన్ని లాభాల వాటాగా తీసుకున్నాడనీ లెక్క మారిపోతే, ఎక్కువ కట్టినవాడికి కడుపు మండదా?

ఇక పరిభాష. ఆదాయం పెరిగేకొద్దీ అందులో పన్నుకు పోయే శాతం కూడా పెరిగితే అది పురోగామి పన్ను. శాతం మారకపోతే అనుపాత పన్ను. ఆదాయం పెరిగేకొద్దీ శాతం తగ్గితే తిరోగామి పన్ను. గమనించాల్సింది మొత్తాన్ని కాదు, శాతాన్ని.

ఒక లెక్క వేద్దాం. ఏ దేశపు కరెన్సీ అయినా అనుకోండి. ఒక కుటుంబం నెలకు 100 సంపాదించి మొత్తం ఖర్చు పెట్టేస్తుంది. ఇంకో కుటుంబం 1,000 సంపాదించి 500 ఖర్చు పెట్టి మిగతాది దాచుకుంటుంది. వస్తువుల ధరలో పదో వంతు పన్ను అనుకుందాం. మొదటి కుటుంబం కట్టేది 10. రెండోది కట్టేది 50. మొత్తంలో చూస్తే ధనిక కుటుంబం అయిదు రెట్లు ఎక్కువ కట్టింది. ఆదాయంలో వాటాగా చూస్తే పేద కుటుంబానికి 10 శాతం, ధనిక కుటుంబానికి 5 శాతం. రేటు అందరికీ ఒకటే, భారం ఒకటి కాదు. అమ్మకాల మీద వేసే పరోక్ష పన్నులను తిరోగామి అనేది ఇందుకే. దాచుకున్నది కూడా ఎప్పుడో ఒకప్పుడు ఖర్చవుతుంది, అప్పుడు దాని మీదా పన్ను పడుతుంది, కాబట్టి జీవితకాలం మొత్తం మీద చూస్తే తేడా తగ్గుతుందని ఆర్థికవేత్తలు కొందరంటారు. అందులో నిజముంది. కానీ ఈ నెల ఇంటి అద్దె కట్టాల్సినవాడికి జీవితకాలపు సగటుతో పనేముంది?

## శ్లాబు మార్పులో లాభం ఎవరిది?

ఆదాయపు పన్ను గురించి చాలామందికి ఒక అపోహ ఉంటుంది. ఆదాయం పై శ్లాబులోకి వెళ్తే మొత్తం ఆదాయం మీదా ఆ రేటే పడుతుందని. పడదు. గీత దాటిన భాగం మీదే పడుతుంది.

మన ఊహా దేశంలో 100 వరకు పన్ను లేదు. 100 నుంచి 200 వరకు 10 శాతం. ఆపైన 20 శాతం. 250 సంపాదించేవాడు మొదటి వంద మీద ఏమీ కట్టడు, రెండో వంద మీద 10, మిగిలిన 50 మీద 10 కడతాడు. మొత్తం 20. అంటే సగటు రేటు 8 శాతమే. కానీ అతను ఇంకో 10 సంపాదిస్తే అందులో 2 పోతుంది. ఆ 20 శాతాన్ని ఉపాంత రేటు అంటారు. ఇంకాస్త పని చేయాలా వద్దా అనే నిర్ణయం మీద పనిచేసేది ఉపాంత రేటు. ఇల్లు గడవడానికి చేతిలో ఎంత మిగిలిందో చెప్పేది సగటు రేటు. రాజకీయ ప్రసంగాల్లో ఈ రెండూ హాయిగా కలిసిపోతుంటాయి.

ఇప్పుడు ప్రభుత్వం పన్నులేని పరిమితిని 100 నుంచి 120కి పెంచిందనుకోండి. 130 సంపాదించేవాడు ఇంతకుముందు 3 కట్టేవాడు, ఇప్పుడు 1 కడతాడు. లాభం 2. 1,000 సంపాదించేవాడు 170 కట్టేవాడు, ఇప్పుడు 168. అతనికీ లాభం 2. అంటే కింది గీతను పైకి జరిపితే పైనున్న అందరికీ అంతే లాభం వస్తుంది. ఆదాయంలో వాటాగా చూస్తే మాత్రం మొదటివాడికి అది ఒకటిన్నర శాతం, రెండోవాడికి 0.2 శాతం. దానికి బదులు పై రేటును 20 నుంచి 15కి తగ్గిస్తే 130వాడికి సున్నా, 1,000వాడికి 40.

మరి 90 సంపాదించేవాడి సంగతి? ఈ రెండు మార్పుల్లో ఏది చేసినా అతనికి దక్కేది సున్నా. కట్టని పన్నును తగ్గించడం ఎవరివల్లా కాదు. ‘పేదలకు మేలు చేసే పన్ను కోత’ అని ప్రకటించినప్పుడు నేను మొదట వెతికేది ఈ 90వాడినే. ఆదాయపు పన్ను కొద్దిమందే కట్టే దేశాల్లో పరిమితిని ఎంత పెంచినా ఆ మేలు మధ్య మెట్టు దగ్గర ఆగిపోతుంది. కింది మెట్టును చేరాలంటే అతను నిజంగా కట్టే పన్నును తగ్గించాలి, అంటే వస్తువుల మీది పరోక్ష పన్నును. లేదా పన్ను వ్యవస్థ ద్వారానే అతనికి డబ్బు ఇవ్వాలి. అమెరికాలో 1975లో మొదలైన సంపాదన పన్ను రాయితీ రెండో రకం. పని చేస్తూ తక్కువ సంపాదించేవాళ్లు కట్టాల్సిన పన్ను కన్నా రాయితీ ఎక్కువైతే, మిగిలింది ప్రభుత్వమే వాళ్లకు చెల్లిస్తుంది.

## అదే 100, రెండు చేతులు

న్యాయం, ఊతం నిజంగా కలిసే చోటు ఇది. ఆర్థిక వ్యవస్థ ఎందుకు కుంగిందన్నదే ముందు తేల్చుకోవాలి. కొనేవాళ్లు లేక కుంగితే అది డిమాండ్ జబ్బు. ఫ్యాక్టరీ ఉంది, పనివాళ్లు ఉన్నారు, సరుకు తయారు చేయగలరు. కొనడానికి జనం దగ్గర డబ్బు లేదు, లేదా భయంతో ఖర్చు పెట్టడం లేదు. 1936లో బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ ప్రపంచం ముందు పెట్టిన వాదన సారాంశం ఇదే. ఒకరి ఖర్చే ఇంకొకరి ఆదాయం. అందరూ ఒకేసారి చేతులు ముడుచుకుంటే అందరి ఆదాయమూ పడిపోతుంది.

ఇలాంటప్పుడు పన్ను తగ్గించి 100 వదిలితే అది ఎవరి చేతికి వెళ్లిందన్నది ముఖ్యం. తక్కువ ఆదాయం ఉన్నవాడు అందులో 80 ఖర్చు పెడతాడనుకుందాం. వాయిదా వేసిన రిపేర్లు, పిల్లల చెప్పులు, అలాంటివి. బాగా ఉన్నవాడు 30 పెడతాడు. అతని అవసరాలు ఎప్పుడో తీరిపోయాయి. ఆ తర్వాతి వలయాల్లో డబ్బు ఇద్దరి దగ్గర నుంచీ ఒకే అంగట్లోకి చేరుతుంది కాబట్టి, అక్కడి నుంచి సగం చొప్పున మళ్లీ ఖర్చవుతుందనుకుందాం. మొదటి దారిలో 80, 40, 20, 10... అలా కూడితే 160. రెండో దారిలో 30, 15, ఏడున్నర... కూడితే 60. వదిలిన సొమ్ము ఇలా చేతులు మారుతూ చివరికి ఎన్ని రెట్ల ఖర్చుగా మారుతుందో, దాన్నే గుణకం అంటారు.

ఇదే లెక్కను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్దాం. ప్రభుత్వం కొత్తగా ఏమీ అప్పు చేయకుండా, పైనున్నవాడి దగ్గర 100 తీసుకుని కిందివాడికి 100 ఇచ్చింది. పైన 60 తగ్గుతుంది, కింద 160 పెరుగుతుంది. ఖజానాకు ఖర్చు లేకుండా 100 మేర వ్యాపారం పెరిగింది. ‘న్యాయమైన పన్నే ఊతం’ అనేవాళ్ల వాదనకు ప్రాణం ఈ లెక్కే.

ఇందులో నేను వేసుకున్న ఊహలు మూడు. ఒకటి, కిందివాడు నిజంగానే 80 పెడతాడని. అతనికి అప్పులుంటే ముందు అవి తీరుస్తాడు. అతని బతుకు తేలికవుతుంది, దుకాణాలకు మాత్రం వెంటనే ఏమీ రాదు. రెండు, ఖర్చయిన డబ్బు దేశంలోనే తిరుగుతుందని. దిగుమతి సరుకు కొంటే ఆ ఊతం పక్క దేశానికి పోతుంది. మూడు, పైనున్నవాడు దాచుకున్న 70 ఊరికే పడి ఉంటుందని. మామూలు రోజుల్లో అది అలా ఉండదు. బ్యాంకు ద్వారానో షేర్ల ద్వారానో ఎవరి పెట్టుబడిగానో మారుతుంది. మాంద్యంలో సరుకే అమ్ముడుపోవడం లేదు కాబట్టి కొత్త యంత్రం కొనే సాహసం ఎవరూ చేయరు. అప్పుడే పొదుపు పేరుకుపోతుంది. అంటే ఈ లెక్క మాంద్యంలో బలంగా, మంచి రోజుల్లో బలహీనంగా పనిచేస్తుంది.

## చెక్కు పంపాలా, కోత తగ్గించాలా?

ఎంత ఇచ్చారన్నదే కాదు, ఎలా ఇచ్చారన్నదీ లెక్కలోకి వస్తుంది. 2008లో అమెరికా ప్రభుత్వం ఒక్కొక్కరికి 600 డాలర్ల దాకా, దంపతులకు 1,200 డాలర్ల దాకా పన్ను వాపసు పంపింది. 2009లో అదే ఉద్దేశంతో ఇంకో పద్ధతి ఎంచుకుంది. జీతంలో నెలనెలా కోసుకునే పన్నును కొద్దిగా తగ్గించింది. ఏడాదికి ఒక్కొక్కరికి 400 డాలర్ల దాకా వచ్చేలా. చిన్న చిన్న మొత్తాలైతే జనం దాచుకోరు, ఖర్చు పెట్టేస్తారన్నది దాని వెనక ఆలోచన. ఆర్థికవేత్తలు క్లాడియా సామ్, మాథ్యూ షాపిరో, జోయెల్ స్లెమ్రాడ్ సర్వే చేసి చూస్తే ఫలితం తిరగబడింది. ఒకేసారి అందిన సొమ్మును ప్రధానంగా ఖర్చు పెట్టామన్నవాళ్లు 25 శాతం. జీతంలో కలిసి వచ్చినదాన్ని ఖర్చు పెట్టామన్నవాళ్లు 13 శాతం. (ఏ పద్ధతిలోనూ మెజారిటీ ఖర్చు పెట్టామనలేదు, అదీ గుర్తుంచుకోవాలి.)

పరోక్ష పన్ను తగ్గింపు కిందిదాకా చేరుతుందన్నాం. దానికీ ఒక మెలిక ఉంది. పన్ను తగ్గినంత మాత్రాన ధర తగ్గాలని లేదు. అమ్మేవాడు ఆ తేడాను తన దగ్గరే ఉంచుకోవచ్చు. పోటీ గట్టిగా ఉన్నచోట కొనేవాడికి ఎక్కువ వాటా దక్కుతుంది, లేనిచోట తక్కువ. 2008 డిసెంబరు నుంచి 2009 ఆఖరుదాకా బ్రిటన్ వ్యాట్‌ను పదిహేడున్నర నుంచి 15 శాతానికి తగ్గించింది. కోవిడ్ కాలంలో జర్మనీ 2020 జూలై నుంచి డిసెంబరు దాకా 19 నుంచి 16కి దించింది. రెండూ తాత్కాలికమేనని ముందే చెప్పి చేసినవి. గడువు పెట్టడంలో తెలివి ఉంది. రేపు ధర పెరుగుతుందని తెలిస్తే ఇవాళే కొంటారు. కానీ వచ్చే ఏడాది కొనాల్సినదాన్ని ఈ ఏడాది కొంటే, వచ్చే ఏడాది కొనేదేముంటుంది?

జపాన్ దీనికి తిరగేసిన ఉదాహరణ. అక్కడ వినియోగ పన్ను 1997 ఏప్రిల్‌లో 3 నుంచి 5కి, 2014 ఏప్రిల్‌లో 5 నుంచి 8కి, 2019 అక్టోబరులో 8 నుంచి 10కి పెరిగింది. 2014లో పెంపుకు ముందు జనం దుకాణాల మీద పడి కొన్నారు. ఆ వెంటనే కొనుగోళ్లు దబ్బున పడి, ఆ త్రైమాసికంలో ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. ఆ దెబ్బ చూసే తర్వాతి పెంపును రెండుసార్లు వాయిదా వేసుకున్నారు.

## పైనుంచి తగ్గించాలనే వాదన

ఇప్పుడు అవతలి పక్షం. వాళ్ల వాదనను ‘ధనికులకు దోచిపెట్టడం’ అని కొట్టిపారేస్తే అర్థం చేసుకున్నట్టు కాదు. జబ్బు డిమాండ్‌లో కాదు, సరఫరాలో ఉందంటారు వాళ్లు. పన్ను మరీ ఎక్కువైతే మనిషి అదనంగా పని చేయడు, వ్యాపారి విస్తరించడు, డబ్బున్నవాడు డబ్బును దాచే దారులు వెతుకుతాడు. ఉపాంత రేటు తగ్గిస్తే ఈ ముడులు విడిపోతాయి. 1974లో అమెరికా ఆర్థికవేత్త ఆర్థర్ లాఫర్ ఒక రెస్టారెంటులో చేతిరుమాలు మీద గీసి చూపించాడని చెప్పుకునే వంపు ఇదే. పన్ను రేటు సున్నా అయితే రాబడి సున్నా. రేటు 100 అయినా రాబడి సున్నాయే, ఎందుకంటే ఎవరూ పని చేయరు. మధ్యలో ఎక్కడో శిఖరం ఉంది. శిఖరం దాటి ఉంటే పన్ను తగ్గించినా రాబడి పెరుగుతుంది.

తర్కంలో తప్పు లేదు. అసలు గొడవ శిఖరం ఎక్కడుందన్నదే. 1964లో అమెరికా పై రేటును 91 నుంచి రెండు దఫాల్లో 70కి దించింది. 91 దగ్గర ఉన్నప్పుడు ఆ వాదనకు బలం ఉంది. పీటర్ డైమండ్, ఇమాన్యుయెల్ సాయెజ్ 2011లో వేసిన అంచనాలో అత్యధిక ఆదాయాల మీద రాబడిని గరిష్ఠం చేసే రేటు సుమారు 73 శాతం. వాళ్ల ఊహలను ఒప్పుకోనివాళ్లు ఇంకా కిందికి లెక్క కడతారు. అయితే చాలా దేశాలు ఇప్పుడు ఉన్నది అంతకన్నా కిందనే.

మొత్తంగా పన్ను పెంచడం, తగ్గించడం ఆర్థిక వ్యవస్థను కదిలిస్తాయనడంలో పెద్దగా వివాదం లేదు. క్రిస్టినా రోమర్, డేవిడ్ రోమర్ అమెరికా చరిత్రను తవ్వి 2010లో ప్రచురించిన పరిశోధనలో, జీడీపీలో 1 శాతం మేర పన్ను పెంచితే ఉత్పత్తి 3 శాతం దాకా తగ్గుతుందని తేల్చారు. కానీ ఎవరి పన్ను? ఓవెన్ జైడార్ 2019లో ప్రచురించిన అధ్యయనం ఆ ప్రశ్ననే పట్టుకుంది. కింది 90 శాతం జనానికి పన్ను తగ్గినప్పుడు ఉద్యోగాలు పెరిగాయి. పై 10 శాతానికి తగ్గినప్పుడు ఆ ప్రభావం చాలా చిన్నది. డేవిడ్ హోప్, జూలియన్ లింబర్గ్ 18 సంపన్న దేశాల అయిదు దశాబ్దాల అనుభవాన్ని చూసి, ధనికులకు ఇచ్చిన పెద్ద పన్ను కోతలు అసమానతను పెంచాయని, వృద్ధి మీద, నిరుద్యోగం మీద చెప్పుకోదగ్గ ప్రభావం చూపలేదని అన్నారు.

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం అనుభవం ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంటుంది. 2012లో గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ రాష్ట్ర ఆదాయపు పన్ను పై రేటును 6.45 నుంచి 4.9 శాతానికి తగ్గించారు. దాంతోపాటు, యజమాని వ్యక్తిగత ఆదాయంగా లెక్కకొచ్చే కొన్ని రకాల వ్యాపారాల లాభాల మీద రాష్ట్ర పన్నును పూర్తిగా ఎత్తేశారు. పర్యవసానం ఊహించండి. ఒకే ఆఫీసులో, ఒకే పని చేసే ఇద్దరు. ఒకరు జీతం తీసుకుంటారు, పన్ను కడతారు. ఇంకొకరు తన పేరు మీద చిన్న సంస్థ పెట్టి, అదే పనికి బిల్లు పంపి, సున్నా కడతారు. కొత్త ఫ్యాక్టరీ లేదు, కొత్త ఉద్యోగం లేదు. కాగితం మారింది, అంతే. ఇందాక చెప్పుకున్న మూడో న్యాయసూత్రాన్ని తుంగలో తొక్కడం ఇది. ఖజానాకు పడిన చిల్లి కూడా ఇదే. వృద్ధి ఆశించినట్టు రాలేదు, రాబడి పడిపోయింది, రోడ్ల నిధులను మళ్లించారు, బడుల ఖర్చు మీద ఒత్తిడి పెరిగింది. 2017లో గవర్నర్ సొంత పార్టీ మెజారిటీ ఉన్న శాసనసభే ఆయన వీటోను తోసిపుచ్చి ఆ కోతలను చాలావరకు రద్దు చేసింది.

## కట్టేది ఒకరు, మోసేది మరొకరు

కంపెనీల పన్ను విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. కంపెనీ మీద పన్ను వేస్తే ధనికుల మీద వేసినట్టేనని సహజంగా అనిపిస్తుంది. కంపెనీ అనేది మనిషి కాదు కదా. అది కట్టే ప్రతి పైసా చివరికి ఎవరో ఒక మనిషి జేబు నుంచే వస్తుంది. లాభం తగ్గి వాటాదారు మోయవచ్చు. జీతం పెరగక ఉద్యోగి మోయవచ్చు. ధర పెరిగి కొనేవాడు మోయవచ్చు. ఎవరి వాటా ఎంతన్నది ఆర్థికవేత్తల మధ్య ఇప్పటికీ తెగని పంచాయితీ. వాటాదారులదే పెద్ద వాటా అనేవాళ్లు ఎక్కువ, ఉద్యోగులదీ తక్కువేం కాదనేవాళ్లూ ఉన్నారు. కదలగలిగినవాడు తప్పించుకుంటాడు, కదలలేనివాడు మోస్తాడన్నది గుర్తుంచుకోదగ్గ సూత్రం.

2017 ఆఖరులో అమెరికా కంపెనీ పన్నును 35 నుంచి 21 శాతానికి దించే చట్టం చేసింది. దానివల్ల సగటు కుటుంబ ఆదాయం ఏటా కనీసం 4,000 డాలర్లు పెరుగుతుందని అధ్యక్షుడి ఆర్థిక సలహాదారుల మండలి చెప్పింది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో పెట్టుబడులు పెరిగినట్టు కనబడింది. జీతాలు మాత్రం ఆ అంకెకు చాలా దూరంలో ఆగిపోయాయి. 2019 సెప్టెంబరులో భారత్ కూడా మినహాయింపులు వదులుకునే కంపెనీలకు మూల రేటును 30 నుంచి 22 శాతానికి, కొత్త తయారీ సంస్థలకు 15 శాతానికి తగ్గించింది. ఆర్నెల్లు తిరక్కుండానే కోవిడ్ వచ్చిపడటంతో దేని ఫలితం ఏదో విడదీయడం కష్టమైపోయింది.

దేశాలు ఒకదాన్ని చూసి ఒకటి రేట్లు తగ్గించుకుంటూ పోతే చివరికి అందరి ఖజానాలూ ఖాళీ అవుతాయన్న భయంతోనే 2021లో 130కి పైగా దేశాలు పెద్ద బహుళజాతి కంపెనీలకు 15 శాతం కనీస పన్ను ఉండాలని ఒప్పుకున్నాయి. ఒప్పుకోవడం వేరు, అమలు వేరు, అది మరో కథ.

## ఆ లోటు ఎవరు పూడుస్తారు?

పన్ను తగ్గించినప్పుడు పడే గండిని ఖర్చు తగ్గించో, ఇంకో పన్ను పెంచో, అప్పు చేసో పూడ్చాలి. ప్రభుత్వం అప్పు చేసి పన్ను తగ్గిస్తే, రేపు పెంచక తప్పదని జనం గ్రహించి ఇప్పుడే దాచుకుంటారని 1974లో ఆర్థికవేత్త రాబర్ట్ బారో వాదించారు. జనం అంత దూరదృష్టితో బతుకుతారని నాకు నమ్మకం లేదు. అప్పిచ్చేవాళ్లు మాత్రం కచ్చితంగా అంత దూరం చూస్తారు.

2022 సెప్టెంబరు 23న బ్రిటన్ ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ పెద్ద పన్ను కోతలు ప్రకటించారు. అత్యధిక ఆదాయాల మీది 45 శాతం రేటు రద్దు అందులో ఒకటి. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. స్వతంత్ర సంస్థ ఇవ్వాల్సిన లోటు అంచనా కూడా దాంతోపాటు రాలేదు. కొద్ది రోజుల్లోనే పౌండు డాలరుతో పోలిస్తే చరిత్రలో ఎన్నడూ లేనంత కిందికి జారింది. ప్రభుత్వ బాండ్ల మీద వడ్డీ ఎగబాకింది. పింఛను నిధులు కుదేలవకుండా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగి బాండ్లు కొనాల్సి వచ్చింది. ఇంటి రుణాల సంస్థలు తమ పథకాలను వందల్లో వెనక్కి తీసుకున్నాయి. అంటే పన్ను తగ్గిందని సంతోషించాల్సిన మనిషి, ఇంటి వాయిదా పెరుగుతుందేమోనని గుండె పట్టుకున్నాడు. పది రోజులకే 45 శాతం రేటు రద్దును ఉపసంహరించుకున్నారు. అక్టోబరు 20న ప్రధాని లిజ్ ట్రస్ రాజీనామా ప్రకటించారు.

ఇది ధనికుల కోత కాబట్టే ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. అప్పటికే ధరలు మండిపోతున్నాయి. కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచి వాటిని అదుపు చేయాలని చూస్తోంది. అలాంటి వేళ పేదలకే అంత పెద్ద కోత ఇచ్చి, లెక్క చెప్పకపోయినా బాండ్ల మార్కెట్ ముఖం చిట్లించేదే.

## న్యాయమే అడ్డుపడే చోట్లు

పేదలకిచ్చే సాయాన్ని ఆదాయం పెరిగేకొద్దీ వెనక్కి తీసుకోవడం న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఒకావిడ ఇంకో 10 సంపాదిస్తే, అందులో 2 పన్నుకు, 6 రద్దయిన సాయానికి పోతే, చేతిలో మిగిలేది 2. అంటే ఆమె మీద పడే ఉపాంత రేటు నిజానికి 80 శాతం, కోటీశ్వరుడి రేటు కన్నా ఎక్కువ. ఏ పన్ను చట్టంలోనూ ఈ అంకె రాసి ఉండదు. రెండు వేర్వేరు నిబంధనలు ఒకే మనిషి మీద పడినప్పుడు పుడుతుంది.

సంపద పన్నుదీ చిక్కు కథే. 1990లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార కూటమి) దేశాల్లో 12 దేశాలు నికర సంపద మీద ఏటా పన్ను వేసేవి. 2017 నాటికి మిగిలినవి 4. డబ్బు సరిహద్దులు దాటడం, మినహాయింపులు పెరిగిపోవడం, ఆస్తికి విలువ కట్టడంలో తగాదాలు, రాబడి అంతంతమాత్రం కావడం అందుకు చెప్పే కారణాలు. మినహాయింపులతో నీరుగార్చి, పనిచేయలేదనడం అన్యాయమని సమర్థకులు బదులిస్తారు. అదీ ఆలోచించదగ్గదే.

ఏ పన్ను వృద్ధికి ఎంత హాని చేస్తుందో ఓఈసీడీ 2008లో ఒక వరస ఇచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ హాని కంపెనీ పన్ను, తర్వాత వ్యక్తుల ఆదాయపు పన్ను, ఆ తర్వాత వినియోగ పన్ను, అన్నిటికన్నా తక్కువ స్థిరాస్తి పన్ను. ఇక్కడ చిత్రం చూడండి. శక్తిని బట్టి వేసేవిగా పేరున్న మొదటి రెండే హానికరమైనవి. తిరోగామి అనిపించుకున్న వినియోగ పన్ను వాటికన్నా నయం. స్థిరాస్తి పన్ను మాత్రం రెండు వైపులా మంచి మార్కులు తెచ్చుకుంటుంది. భూమి ఎక్కడికీ పారిపోదు, అది ఎక్కువగా ఉన్నదీ ఉన్నవాళ్ల దగ్గరే. అయినా దాన్ని పెంచే ధైర్యం ఏ కొద్ది ప్రభుత్వాలకో ఉంటుంది. జీతంలో కోత కంటికి కనబడదు, ఇంటి పన్ను నోటీసు తలుపు దగ్గరికే వస్తుంది.

డెన్మార్క్ ఈ చిక్కుముడిని వేరేలా విప్పింది. అక్కడ దాదాపు అన్నిటి మీదా 25 శాతం వ్యాట్. వసూలు చేసే చేత్తో చూస్తే అది తిరోగామి. ఆ డబ్బుతో అందరికీ వైద్యం, చదువు, పిల్లల సంరక్షణ అందుతాయి. ఇచ్చే చేత్తో కలిపి చూస్తే మొత్తం వ్యవస్థ బలంగా పురోగామి. పన్నును ఒక్కదాన్నే విడదీసి న్యాయమా కాదా అని తూచడం, త్రాసులో ఒక తట్టను మాత్రమే చూడటం లాంటిది.

## ఎవరూ మీట నొక్కకుండానే

ఇప్పటిదాకా మాట్లాడినవన్నీ చట్టం మార్చి చేసేవి. బిల్లు పెట్టాలి, చర్చించాలి, ఆమోదించాలి. ఈలోగా మాంద్యం ముదరవచ్చు, లేదా దాని దారిన అది పోవచ్చు కూడా. పురోగామి పన్నులో ఇంకో గుణం ఉంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మన ఊహా దేశంలోని 250వాడి దగ్గరికి మళ్లీ వెళ్దాం. పాత శ్లాబులే. మంచి రోజుల్లో 20 పన్ను కట్టి 230 ఇంటికి తీసుకెళ్లేవాడు. మాంద్యంలో ఓవర్‌టైమ్ పోయి ఆదాయం 190కి పడింది. ఇప్పుడు అతను కట్టేది 9. ఆదాయం 24 శాతం తగ్గితే పన్ను 55 శాతం తగ్గింది. చేతికొచ్చేది 181, అంటే ఇల్లు నడిపే సొమ్ములో కోత సుమారు 21 శాతం. అందరికీ 8 శాతమనే అనుపాత పన్నుంటే చేతికొచ్చేది 174.8, కోత 24 శాతం. పోల్ ట్యాక్స్ లాగా ఎవరైనా 20 కట్టాల్సిందేనంటే మిగిలేది 170, కోత 26 శాతం. పురోగామి పన్ను ఇలా దానంతటదే దెబ్బను తగ్గించడాన్ని స్వయంచాలక స్థిరీకరణ అంటారు. ధరలతోపాటు జీతాలు పెరుగుతున్న రోజుల్లో ఇదే యంత్రం ఎదురు తిరుగుతుంది. కొనే శక్తి పెరగకపోయినా అంకె పెరిగి, మనిషి పై శ్లాబులోకి నెట్టబడతాడు. శ్లాబులను ఏటా ధరల సూచీతో జరపని దేశాల్లో ఇది ప్రకటన లేని పన్ను పెంపు.

మన 250వాడి విషయంలో 21 శాతానికీ 26 శాతానికీ మధ్య తేడా 11 యూనిట్లు. నెలాఖరున అతను అప్పు అడగాలా వద్దా అన్నది ఒక్కోసారి ఆ 11 దగ్గరే తేలుతుంది.